ఇల్లు కట్టే ముందు, స్థలం కొనే ముందు ఆన్‌లైన్‌లో చూసుకోవలసిన రికార్డులు

ఇంటి ప్లాను అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులు చాలావరకు తగ్గాయి. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర పట్టణాల్లో దరఖాస్తు పెట్టడం, ఫీజు కట్టడం, అనుమతి పత్రం తీసుకోవడం ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. భూమి రికార్డులు అంతకన్నా ముందే కంప్యూటర్లోకి ఎక్కాయి. ఈ రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు దీనివల్ల ఒక మేలు, ఒక చిక్కు ఉన్నాయి.

మేలు ఏమిటంటే, డబ్బు చేతులు మారకముందే ఆ స్థలం సంగతి ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇక చిక్కు పేర్లతో వస్తుంది. తాతగారి పేరు దస్తావేజులో ఒక రకంగా, పట్టాలో ఇంకో రకంగా, ఇంటి పన్ను రసీదులో మరో రకంగా ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. అందుకే మేము పదేపదే చెప్పేది ఒక్కటే. ఇంజనీరు చేత ప్లాను గీయించడానికి ముందే రికార్డులు చూసుకోండి, పేర్లు సరిచేయించుకోండి.

తమిళనాడులో

రెవెన్యూ శాఖ ఈ-సేవల పోర్టల్‌లో పట్టా, చిట్టా, ఎ-రిజిస్టర్ వివరాలు, ఎఫ్‌ఎంబీ అనే కొలతల పటం చూడవచ్చు. పట్టణ స్థలాలకైతే టీఎస్‌ఎల్‌ఆర్ నకలు ఉంటుంది. ఆ సర్వే నంబరు ప్రభుత్వ పోరంబోకు అవునో కాదో కూడా అక్కడే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో విల్లంగం, అంటే ఈసీ, ఉచితంగా చూసుకోవచ్చు. సర్టిఫైడ్ కాపీ కావాలంటే మాత్రం ఫీజు కట్టాలి.

తరువాత చూడవలసింది లేఅవుట్ అనుమతి. చెన్నై ప్రాంతంలో సీఎండీఏ, మిగతా జిల్లాల్లో డీటీసీపీ ఆమోదించిన లేఅవుట్ల వివరాలు ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఉంటాయి. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరులో ఆపింది. ఆ తరువాత 2017లో క్రమబద్ధీకరణ నియమాలు వచ్చాయి. 2016 అక్టోబరు 20ని గడువు తేదీగా పెట్టారు. కాబట్టి అమ్మేవారు "త్వరలో అప్రూవల్ వస్తుంది" అంటే ఆ మాట మీద అడ్వాన్సు ఇవ్వవద్దు. ఆమోదం నంబరు అడిగి, వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. చెన్నైలోనైతే గ్రామం పేరు, సర్వే నంబరు ఇచ్చి ఆ స్థలం మాస్టర్ ప్లానులో నివాస ప్రాంతమా, వేరే వినియోగానికి కేటాయించినదా అన్నది కూడా తెలుసుకోవచ్చు.

చిన్న ఇళ్లవారికి 2024 జులైలో ఒక మంచి వెసులుబాటు వచ్చింది. 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో, 3,500 చదరపు అడుగుల లోపు కట్టడంతో, గ్రౌండ్ ఫ్లోరు లేదా దాని మీద ఇంకొక అంతస్తు వరకు కట్టుకునేవారు స్వయం ధృవీకరణ పద్ధతిలో సింగిల్ విండో పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. ఫీజు కట్టగానే అనుమతి వస్తుంది. అయితే ఇచ్చిన వివరాలకు బాధ్యత పూర్తిగా దరఖాస్తుదారుదే. వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దయ్యే ప్రమాదం ఉంది. చేతికి త్వరగా వచ్చిన పత్రం వెనుక మీ రికార్డులు గట్టిగా లేకపోతే ఇబ్బంది ఇల్లు సగం లేచాక బయటపడుతుంది.

కర్ణాటకలో

పొలాలకు భూమి పోర్టల్‌లో పహణీ, అంటే ఆర్‌టీసీ, దొరుకుతుంది. దిశాంక్ అనే యాప్‌లో మీరు నిలబడిన చోటి సర్వే నంబరు పటం మీద కనిపిస్తుంది. ఏజెంటు చూపించిన స్థలం, కాగితంలో రాసిన సర్వే నంబరు ఒకటేనా అని సరిచూడడానికి ఇది బాగా పనికివస్తుంది. ఈసీ కావేరి పోర్టల్‌లో తీసుకోవచ్చు. గ్రామ పంచాయతీ పరిధిలోని ఆస్తులకు ఈ-స్వత్తు ద్వారా ఫారం 9, ఫారం 11 ఇస్తారు. పట్టణాల్లో ఈ-ఖాతా కావాలి.

బెంగళూరులో స్థలం కొనేవారు ఎ ఖాతా, బి ఖాతా తేడా తెలుసుకోవాలి. బి ఖాతా ఉందంటే ఆ ఆస్తికి పన్ను కడుతున్నారని అర్థం. అంతమాత్రాన ఆ లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. "పన్ను రసీదు ఉంది కదా" అని కొన్నవారు ప్లాను అనుమతి దగ్గరా, బ్యాంకు లోను దగ్గరా ఇబ్బంది పడ్డారు. పొలం భూమిలో ప్లాట్లు వేసినచోట భూ పరివర్తన ఆదేశం ఉందా అని కూడా అడగండి.

ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో

బరంపురం, రాయగడ వైపు మనవాళ్లు భూలేఖ్ పోర్టల్‌లో ఖాతా నంబరు, ప్లాట్ నంబరుతో ఆర్‌ఓఆర్ చూడవచ్చు. అందులో 'కిసమ్' అనే గడి ముఖ్యం. అది భూమి రకం చెబుతుంది. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. సాగుభూమి అని ఉంటే ముందు భూ సంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద మార్పించుకోవాలి.

షోలాపూర్, భివండీ వైపు వారికి మహాభూలేఖ్‌లో 7/12, 8-అ, పట్టణ స్థలాలకు ప్రాపర్టీ కార్డు దొరుకుతాయి. ముంబయి మినహా రాష్ట్రంలో చాలా చోట్ల 2020 డిసెంబరు నుంచి ఒకే ఉమ్మడి నిర్మాణ నియమావళి అమలులో ఉంది. ప్లాను దరఖాస్తులు బీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో తీసుకుంటారు.

యానాం వారికి పుదుచ్చేరి ప్రభుత్వ నిలమగళ్ పోర్టల్‌లో భూమి రికార్డులు ఉంటాయి. ప్లాను అనుమతి యానాం ప్లానింగ్ అథారిటీ నుంచి వస్తుంది. ఫ్రెంచి కాలం దస్తావేజులు ఉన్న కుటుంబాలు వాటి నకళ్లను ఇప్పటి రికార్డులతో పోల్చి, తేడాలుంటే ముందే రాసిపెట్టుకోవడం మంచిది.

ఏ రాష్ట్రంలోనైనా: రెరా

కొత్త లేఅవుట్‌లో ప్లాటు గాని, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు గాని కొనేవారు ఆ రాష్ట్ర రెరా వెబ్‌సైట్ తప్పక చూడాలి. 2016 చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును నమోదు చేయించాలి. నమోదైన ప్రాజెక్టు ఆమోదాలు, ప్లాను, పని ఎంతవరకు వచ్చింది అన్న వివరాలు అక్కడ అందరికీ కనిపిస్తాయి. బ్రోచరులో రాసిన రెరా నంబరు ఆ ప్రాజెక్టుదేనా, పక్క ప్రాజెక్టుదా అన్నది అక్కడే తేలుతుంది.

పేర్ల చిక్కు

మన ఇళ్లలో పెద్దల పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. తమిళనాడులో బడిలో చేర్చినప్పుడు తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా వేస్తారు. అందువల్ల తాతకు ఒక ఇనీషియల్, మనవడికి ఇంకొకటి వచ్చింది. పైగా తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ, ప, బ లకూ అంతే. తెలుగు దస్తావేజులో 'గోవిందు' తమిళ రికార్డుకు వెళ్లి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'కోవింతు' కావచ్చు. ఆఫీసులో కూర్చున్నవారికి వీరిద్దరూ ఒకరేనని తెలియదు. మనమే రుజువు చూపాలి.

దీనికి చేయవలసిన పనులు ఇవి.

1. పట్టా లేదా ఖాతా ఇంకా పోయినవారి పేరు మీదే ఉంటే ముందు వారసు సర్టిఫికెట్ తీసుకుని పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టండి. తమిళనాడులో వారసు సర్టిఫికెట్ తాసిల్దారు ఇస్తారు.

2. పేరు రెండు రకాలుగా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి, పాత రేషను కార్డు, ఓటరు కార్డు, పన్ను రసీదులు జతచేయండి.

3. పాత దస్తావేజు తెలుగులో ఉంటే దాన్ని స్కాన్ చేయించి ఉంచండి. అధికారి అడిగితే రాష్ట్ర భాషలోకి గాని ఇంగ్లీషులోకి గాని ధృవీకరించిన అనువాదం ఇవ్వవలసి వస్తుంది.

4. అన్నదమ్ముల ఉమ్మడి పట్టా అయితే అందరి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి.

లాగిన్ ఎవరి చేతిలో ఉంది?

చాలామంది దరఖాస్తును ఇంజనీరుకో, బ్రౌజింగ్ సెంటరుకో అప్పగిస్తారు. అందులో తప్పు లేదు. కాని నమోదు చేసే ఫోను నంబరు, ఈమెయిలు మీవే అయి ఉండాలి. ఓటీపీ, లోపాల నోటీసు, ఫీజు డిమాండు ఆ నంబరుకే వస్తాయి. అది మధ్యవర్తిదైతే ఫైలు ఎక్కడ ఆగిందో మీకు తెలియదు, అతను చెప్పిందే వినాలి. దరఖాస్తు నంబరు డైరీలో రాసుకుని వారానికి ఒకసారి స్థితి చూసుకోండి.

ఇంకా తెరుచుకోనివి

ఇప్పుడున్న పోర్టళ్లలో చాలావరకు ఒక్కో సర్వే నంబరు, ఒక్కో దరఖాస్తు విడిగా చూడవలసిందే. కేంద్రం 2012లోనే డేటా పంచుకునే విధానం ప్రకటించింది. ఒక వార్డులో ఈ ఏడాది ఏయే కట్టడాలకు అనుమతి ఇచ్చారో మొత్తం జాబితాగా దింపుకోగలిగితే పక్కింటి స్థలంలో లేచే కట్టడం గురించి, చెరువు గట్టు మీద వేసే లేఅవుట్ గురించి వీధివారు వేళకు అడగగలరు. అలా దొరకనిచోట సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాస్టర్ ప్లాను ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈసీ, పట్టా లేదా ఖాతా, కొలతల పటం, లేఅవుట్ ఆమోదం, వారసు సర్టిఫికెట్, పన్ను రసీదు ఈ ఆరింటిని ఒకే ఫైలులో పెట్టి, వాటన్నిటిలో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఒకటేనా అని ఈ ఆదివారమే పోల్చి చూడండి. తేడా కనబడితే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే, వారి సంతకం దొరికే రోజుల్లోనే దిద్దించుకోండి.