సంచి విప్పమన్న రోజు

మా హుస్నాబాద్‌లో నా చిన్నతనాన కిరాణం దుకాణానికి ఖాళీ సంచితో పోయేవాళ్లం. సరుకంతా సేటు వెనుకనే ఉండేది. అడిగింది తూచి, చిట్టీ రాసి, సంచిలో పోసేవాడు. అప్పుడు అనుమానమంతా మనదే. ముల్లు సరిగా నిలిచిందా, తక్కెడ కింద చింతపండు అంటించాడా అని మా నాయన కన్నార్పకుండా చూసేవాడు. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా శేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు ఆ చూపు మరింత పదునెక్కింది.

ఈ అనుమానం దుకాణదారు వైపు ఎప్పుడు తిరిగింది? 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి, కొనేవాళ్లే అరల మధ్య తిరిగి సరుకు ఏరుకునే దుకాణం తెరిచాడు. ఢిల్లీలో సూపర్ బజార్ 1966లో వచ్చింది. ఆ పద్ధతి మన పట్టణాల దాకా చేరేసరికి మనలో చాలామందిమి పదవీ విరమణ చేశాం.

కొన్నాళ్ల కింద కరీంనగర్‌లో ఒక పెద్ద దుకాణంలో నెల సరుకులు కొని, పైకం కట్టి బయటికి వస్తున్నాం. వాకిట్లో కాపలా అబ్బాయి బిల్లు చూసి ముద్ర వేశాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నా శ్రీమతితో "అమ్మా, ఆ చేతిసంచి కూడా విప్పండి" అన్నాడు. వెనుక వరుసలో మా ఊరివాళ్లే ఉన్నారు. ఆమె మారుమాట లేకుండా విప్పింది. బీపీ మాత్రలు, పింఛను పాసుబుక్కు, ఒక చేతిరుమాలు. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ముప్పై ఏండ్లు ఆఫీసులో అందరికీ రూల్సు చెప్పినవాణ్ని, ఆ వాకిట్లో నోరు మెదపలేకపోయాను.

తర్వాత తెలిసిన ఒక వకీలు దగ్గర కూర్చొని విచారించాను. బిల్లు చూపమని అడగవచ్చు, చూపడం మర్యాదే. లోపలికి పోయేముందే సంచి బయట పెట్టమనీ అనవచ్చు. కానీ మన ఇష్టం లేకుండా సొంత సంచిలో చేయి పెట్టే అధికారం కాపలాదారుకు ఏ చట్టమూ ఇవ్వలేదు, గోడకు బోర్డు తగిలించినా సరే. వారంటు అక్కరలేని, బెయిలు హక్కు లేని నేరం కళ్లెదుట జరిగితే ఎవరైనా పట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అరెస్టయిన స్త్రీని సోదా చేయవలసింది స్త్రీయే. అకారణంగా దారి అడ్డగించడం 1860 నాటి శిక్షాస్మృతిలోనూ నేరమే, ఇప్పుడూ నేరమే.

బిల్లు మాత్రం పారేయకండి. అది వాళ్ల ముద్ర కోసం కాదు, మన కోసం. 1986 వినియోగదారుల చట్టం స్థానంలో 2020 జూలైలో అమలుకు వచ్చిన చట్టం, బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది. మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. 2016లో మన మండలం సిద్దిపేట జిల్లాలో కలిసింది. ఫోనులో అయితే 1915.

మరుసటి నెల అదే దుకాణానికి పోయాం. బిల్లు నేనే ముందు చూపాను. ఆ అబ్బాయి చేతిసంచి అడిగితే "మేనేజరును పిలువు బాబూ" అన్నాను. ఆయన వచ్చి, మా ముఖాలు చూసి, పోనిమ్మన్నాడు. ఇంతా చేస్తే, ఆ తర్వాత నా శ్రీమతి ఆ సంచి ఇంట్లోనే వదిలి వస్తున్నది. మాత్రలు నా చొక్కా జేబులో పెడుతుంది.