ఇంటిముంగిటి సిమెంటు బాట

వీధివాకిలి మొదలు కారుకొట్టము వఱకు గృహస్థులు వేయించుకొనెడి సిమెంటు బాటకు ఒక చరిత్ర యున్నదని నేననగా, శ్రోతలలో కొందఱు నవ్వుకొనవచ్చును. కోటలకును, గుళ్లకును, ఆనకట్టలకును చరిత్ర కలదనుట అందఱెఱిగినదే. పది గజముల బాటకు చరిత్ర యేమి? కాని నేను చూచినంతవఱకు గృహస్థులు తఱచుగా నష్టపోవుచున్నది ఈ పది గజముల బాట విషయముననే. వేసిన మొదటి వేసవికే నెఱ్ఱెలు విచ్చును. రెండవ వానకాలమునకు పైపొర పొడిపొడిగా లేచును. మూడవయేట గృహస్థుడు మేస్త్రీని, మేస్త్రీ సిమెంటును, సిమెంటు అమ్మినవాడు ఇసుకను నిందింతురు. అట్లుండగా, 1893 లో ఆ జాతి సిమెంటుతోనే వేసిన వీధి యొకటి నేటికిని చెడక నిలిచియున్నది. ఒకటి నిలుచుటకును, వేఱొకటి చెడుటకును కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము నాకు అంగడిలో కంటె చరిత్రలోనే స్పష్టముగా దొరకినది. దానిని క్రమముగా మనవి చేసెదను.

మన పూర్వులకు సిమెంటు లేదు, సున్నముండెను. సున్నపుఱాతినో, గుల్లలనో బట్టీలో కాల్చి, నీరుచల్లి విరియించి, ఇసుకతో చేర్చి, ఎద్దులు త్రిప్పెడి గానుగలో మెత్తగా నూరినదే డంగుసున్నము. నేలకును, మిద్దెకును గచ్చు వేయునపుడు దానిలో ఇటుకపొడి కలుపువారు. కరక్కాయలు నానిన నీటిని, బెల్లపునీటిని చేర్చువారు. కూలివారు వరుసగా కూర్చుండి కొయ్యబద్దలతో దినములతరబడి కొట్టుచుండిరి. తడి యాఱకుండ కనిపెట్టుచుండిరి. ఈ పనిలో ప్రతి దానికిని హేతువున్నది. ఉత్త సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా గట్టిపడును. నీటిలో నుంచినచో గట్టిపడదు. కాలిన మట్టిపొడి చేరినంతనే దాని స్వభావము మాఱి, తడిలోనే గట్టిపడు శక్తి వచ్చును. మన తాపీవారు ఇటుకపొడితో సాధించిన దానినే రోమనులు పొట్సువోలి యను ఊరి దగ్గఱ దొరకెడి అగ్నిపర్వతపు బూడిదతో సాధించిరి. రోముననున్న పాంథియన్ దేవాలయపు గుమ్మటము అడ్డముకొలత సుమారు 43 మీటర్లు. అందులో ఇనుపకమ్మి యొకటియు లేదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దినాటి ఆ గుమ్మటము క్రింద నేటికిని జనులు నిలిచి తలలెత్తి చూచుచున్నారు.

రోమను సామ్రాజ్యము కూలిన పిమ్మట ఐరోపాలో ఈ విద్య చాలవఱకు మఱుగుపడెను. దానిని మరల శాస్త్రరీతిగా పరిశీలించినవాడు జాన్ స్మీటన్ అను ఆంగ్లేయ ఇంజనీరు. ఇంగ్లండునకు నైరృతి దిక్కున సముద్రమధ్యమున ఎడ్డీస్టన్ అను బండపై దీపస్తంభము కట్టవలసిన భారము ఆయనపై పడెను. నిరంతరము కెరటములు కొట్టెడిచోట ఏ సున్నము నిలుచును? 1756 లో ఆయన నానావిధములైన సున్నపుఱాళ్లను కాల్చి పరీక్షించి, బంకమన్ను కలిసియున్న ఱాతిని కాల్చిన సున్నమే నీటిలో గట్టిపడునని కనుగొనెను. చూచుటకు తెల్లనిదియు స్వచ్ఛమైనదియునగు సున్నమే మేలైనదని అంతవఱకు జనులు నమ్మియుండిరి. ఆ నమ్మకము తప్పని తేలెను. 1759 లో స్తంభము పూర్తియయ్యెను. నూఱేండ్లు దాటినతరువాత దానిని విడువవలసివచ్చినది స్తంభము చెడుటచేత కాదు. దాని క్రిందనున్న బండయే కెరటములకు కోసుకొనిపోవుటచేత. పైభాగమును విప్పి తెచ్చి ప్లిమత్ పట్టణమున నిలిపిరి; అదుగుభాగము నేటికిని సముద్రములోనే యున్నది. ఇంటిముందు బాట వేయించువారు ఈ సంగతిని మఱువరాదు. పైనున్నది ఎంత గట్టిదైనను, క్రింది నేల కదలినచో అది నిలువదు.

1824 లో లీడ్స్ పట్టణపు తాపీమేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ సున్నపుఱాతిని, బంకమన్నును కలిపి కాల్చి పొడిచేయు పద్ధతికి పేటెంటు పొందెను. గట్టిపడినపుడు అది పోర్ట్‌లండ్ అను దీవిలో దొరకు కట్టడపుఱాతిని పోలియుండునని, దానికి పోర్ట్‌లండ్ సిమెంటని పేరుపెట్టెను. తరువాతివారు ఇంకను హెచ్చు వేడిలో కాల్చి, దానిని నేటి సిమెంటుగా మార్చిరి. ఈ సిమెంటుకు ఇసుకయు, కంకరయు, నీరును చేరగా కాంక్రీటగును.

ఇప్పుడు నేను చెప్పదలచిన వీధికి వత్తము. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున బెల్‌ఫౌంటెన్ అను చిన్న పట్టణమున్నది. జార్జి బార్తలోమ్యూ అనునతడు టెక్సస్ రాష్ట్రమున సిమెంటు పని నేర్చి, ఈ ప్రాంతమునకు వచ్చి, సమీపమున సున్నపుమన్ను దొరకుటచూచి కర్మాగారము పెట్టెను. ఆనాటి వీధులు వానలో బురద, ఎండలో దుమ్ము. సిమెంటు కాంక్రీటుతో వీధి వేయవచ్చునని ఆయన చెప్పగా పురపాలకులు సందేహించిరి. గుఱ్ఱపు నాడాలకు ఇది పగులదా? గుఱ్ఱములు జారిపడవా? ఎట్టకేలకు 1891 లో న్యాయస్థానపు చౌకమునొద్ద, గుఱ్ఱములను కట్టెడిచోట, ఎనిమిదడుగుల వెడల్పు పట్టెయొకటి వేసి చూపుటకు అనుమతించిరి. అది నిలిచెను. అంతట చౌకము చుట్టునున్న వీధులకు కూడ వేయుటకు ఒప్పుకొనిరి. కాని ఊరక ఒప్పుకొనలేదు. సిమెంటును ఆయనయే ఉచితముగా ఇయ్యవలెను. వీధి ఐదేండ్లు చెడకుండునని 5,000 డాలర్ల పూచీ వ్రాసియియ్యవలెను. ఆ కాలమున అది సామాన్యమైన మొత్తము కాదు. బార్తలోమ్యూ అంగీకరించెను. 1893 లో పని జరిగెను.

ఆ పని జరిగిన తీరు గమనింపదగినది. క్రింద పెద్దకంకరతో ఒక పొరయు, పైన నాడాల రాపిడికి తాళునట్లు సన్నకంకరతో మఱియొక పొరయు వేసిరి. వీధినంతయు ఏకఖండముగా పోయక చిన్నచిన్న గళ్లుగా విభజించిరి. ఐదేండ్లకు పూచీవ్రాసిన ఆ పట్టణపు కోర్ట్ అవెన్యూ అను వీధి 130 ఏండ్లు దాటియు నిలిచియున్నది. తన ధనమును ఒడ్డినవాడు పనిలో దేనినైనను ఉపేక్షించునా? ఆ వీధి మన్నికకు సిమెంటు ఎంత కారణమో, ఆ పూచీకత్తు అంత కారణమని నా అభిప్రాయము.

1908 లో ఫోర్డు కంపెనీవారి ‘టి’ మాదిరి కారు వెలువడెను. మఱుసటియేడు మిషిగన్ రాష్ట్రపు వేన్ మండలమున ఒక మైలు పొడవున కాంక్రీటు రహదారి వేసిరి. కారు సామాన్యుని యింటికి వచ్చినకొలది, వీధినుండి కొట్టమునకు బాటయు కావలసివచ్చెను. తొలుత పెక్కుమంది చక్రములు నడచునంతమేర రెండు పట్టెలు మాత్రము వేసి, నడుమ గడ్డి నుంచుకొనిరి. ఇందు ఖర్చును తక్కువ. వాననీరును నేలలో ఇంకును. కొంచెము వానకే వీధులు చెఱువులగుచున్న మన నగరములలో ఆ పాతపద్ధతిని మరల తలచుకొనుట మంచిది.

ఇక ఈ చరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము. 1918 లో షికాగోలోని లూయిస్ విద్యాలయమున డఫ్ ఏబ్రమ్స్ అను ఆచార్యుడు వేలకొలది కాంక్రీటు దిమ్మెలను పోసి, నలిపి, పరీక్షించి ఒక సూత్రమును ప్రకటించెను. కాంక్రీటు బలము ముఖ్యముగా సిమెంటునకును నీటికిని గల నిష్పత్తిపై ఆధారపడియుండును. నీరు హెచ్చినకొలది బలము తగ్గును. సిమెంటు గట్టిపడుటకు వలసిన నీరు కొంచెమే. మిగిలిన నీరు ఆవిరియైపోవుచు లోపల సన్నని రంధ్రములను విడుచును. 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తడితో కూడ, 22 మొదలు 25 లీటర్ల నీరు చాలును. పారపని తేలికయగునని మేస్త్రీ పోసెడి మఱియొక బిందెడు నీరు మీరు కొన్న సిమెంటు బలమును హరించును.

కాని ఇందులో రెండవ పార్శ్వమున్నది. సిమెంటు ఎండి గట్టిపడునని జనులనుకొందురు. అది సరి కాదు. అది నీటితో రసాయనముగా కలిసి గట్టిపడును. ఎండిపోయినచో ఆ కలయిక మధ్యలోనే ఆగిపోవును. కావున కలుపునపుడు నీరు తక్కువ, పోసిన పిమ్మట తడుపు ఎక్కువ. మనవారు చేయుచున్నది సరిగా దీనికి విపరీతము. గచ్చును దినములతరబడి తడిపిన ఆ పాత కూలివారికి ఏబ్రమ్స్ పేరు తెలియదు. అయినను తడిపెడి ధర్మమును వారు తప్పలేదు.

మన దేశమున 1904 లో మదరాసున సిమెంటు చేయుటకు యత్నించిరి కాని అది నిలువలేదు. 1914 లో పోర్‌బందరున ఉత్పత్తి స్థిరపడెను. 1930 ల దశకమున హైదరాబాదు నగరవీధులకు సిమెంటు కాంక్రీటు వేసిరి. ఆనాడు రాజవీధులకు దక్కిన ఆ వస్తువు నేడు సామాన్యుని ముంగిటికి వచ్చినది. వస్తువు వచ్చినంత సులభముగా విద్య రాలేదు.

ఆ విద్యను సంగ్రహముగా చెప్పెదను. మొదటిది నేల. కృష్ణా, గుంటూరు సీమల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగును. దానిపై నేరుగా కాంక్రీటు పోయుట నీటిపై పలక వేయుటయే. పైమన్ను త్రవ్వి, గరుసును ఆఱంగుళముల పొరలుగా పఱచి, తడిపి, ప్రతి పొరకును దిమ్మిస కొట్టింపవలెను. రెండవది వాలు. నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున ఇంటినుండి బయటికి వాలు ఉండవలెను. ఇది కంటితో చూచి నిర్ణయించునది కాదు. రసమట్టము పెట్టి చూడవలెను.

మూడవది మందము. కారుకు నాలుగంగుళములు చాలును. నీళ్లబండియో, లారీయో వచ్చుచోట ఆఱంగుళములు కావలెను. 1922 లో ఇల్లినాయి రాష్ట్రమున బేట్స్ అనుచోట నానావిధములైన కాంక్రీటు పలకలు వేసి, వానిపై లారీలను మాటిమాటికి నడిపి పరీక్షించిరి. పలక మూలలును అంచులును బలహీనమని తేలెను. కావున బాట అంచులను కొంచెము లావుగా పోయుట మేలు.

నాలుగవది కీలు. కాంక్రీటు గట్టిపడుచు కుదించుకొనును; అందుచేత పగులును. పగులుట దాని స్వభావము. ఎక్కడ పగులవలెనో చెప్పుట మన పని. నాలుగంగుళముల మందమునకు ఎనిమిది మొదలు పదడుగులకొకచోట, అంగుళము లోతున, పోసిన నాడో మఱునాటి ఉదయముననో గాడి తీయింపవలెను. నెఱ్ఱె ఆ గాడిలోనే దాగును. ఇంటిగోడకును బాటకును నడుమ మెత్తని అట్ట నుంచవలెను. ఇనుపవల వేసినచో నెఱ్ఱె రాదనుట భ్రమ. వచ్చిన నెఱ్ఱెను విడిపోనీయక పట్టియుంచుటయే దాని పని. అది కూడ పలక పైసగములో నుండవలెను. నేలపై పఱచి దానిమీద పోసినచో వ్యర్థము.

ఐదవది తడుపు. వేసవిలో తెల్లవాఱుజామున పని మొదలుపెట్టి, ఎండ ముదురకముందే ముగింపవలెను. పైభాగము వ్రేలికి గట్టిగా తగిలినంతనే గోనెపట్టలు కప్పి తడుపవలెను. మఱునాడు చుట్టును మట్టికట్టలు వేసి నీరు నిలుపవచ్చును. ఏడు దినములు తప్పనిసరి. నేడు అంగళ్లలోని సిమెంటులో పెక్కింట బొగ్గుబూడిద కలిసియుండును. దానికి పది, పదునాలుగు దినములు కావలెను. కారును వారము దాటినగాని ఎక్కింపరాదు. బరువు బండ్లకు 28 దినములు ఆగవలెను.

ఇందులో మన ధనము మాత్రమే కాదు, లోకహితమును ఇమిడియున్నది. మానవులు గాలిలోనికి విడిచెడి బొగ్గుపులుసు వాయువులో నూటికి సుమారు ఏడెనిమిది పాళ్లు సిమెంటు తయారీవలననే కలుగుచున్నవి. ఐదేండ్లకొకసారి పగులగొట్టి మరల వేసెడి బాట మనకును నష్టము, లోకమునకును భారము.

బెల్‌ఫౌంటెన్ పురపాలకులవలె మీరును పని మొదలు పెట్టకముందే మేస్త్రీతో మాటలాడుడు. నేల ఎంత లోతు త్రవ్వునో, బస్తాకెంత నీరు పోయునో, గాడులెక్కడ తీయునో అడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. మంచి పనివాడు ఇందుకు కోపగింపడు; తన విద్య నెఱిగినవాడు దొరకెనని సంతసించును. ఇక అతడు కూలి పుచ్చుకొని వెళ్లిన పిమ్మట పది దినములు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఆ గోనెపట్టలను తడిపెడి పని గృహస్థునిది. ఆ పనికి కూలి లేదు, సాక్షియు లేడు. బాట ఎన్నేండ్లు నిలుచునో ఆ పది దినములలోనే తేలిపోవును.