చేతికొచ్చిన ఎంబీబీఎస్ సీటు వదులుకోవాలా? నిర్ణయానికి ముందు తెలియాల్సినవి

"అన్నా, సీటైతే వచ్చింది. జాయిన్ అవ్వాలా, వదిలేసి ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌కి పోవాలా?"

నీట్ కౌన్సెలింగ్ మొదలైందంటే మాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది గురుకులాల్లో చదువుకున్నవాళ్లు, ఇంట్లో ఇంటర్ దాటిన మొదటివాళ్లు. సలహా చెప్పడానికి వాళ్లకు డాక్టరు మేనమామ ఉండడు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే స్తోమత ఉండదు. కోచింగ్ సెంటర్‌ను అడిగితే మళ్లీ చేరమనే చెబుతుంది, దాని వ్యాపారం అదే కాబట్టి. ఇంట్లో అడిగితే "వచ్చిన సీటు ఎవరైనా వదులుకుంటారా" అంటారు. రెండు మాటల మధ్య పద్దెనిమిదేళ్ల పిల్లలు రెండు మూడు రోజుల్లో తేల్చుకోవాలి.

ఈ వ్యాసం వాళ్ల కోసం, వాళ్ల పక్కన నిలబడే విద్యార్థి సంఘాల కార్యకర్తల కోసం. సీటు వదులుకోవడం తప్పా ఒప్పా అని ఒక్క మాటలో చెప్పలేం. అది ఏ కోటా సీటు, ఏ రౌండ్‌లో వచ్చింది, మళ్లీ రాసే ఏడాది ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్న మూడు ప్రశ్నల మీద జవాబు ఆధారపడి ఉంటుంది.

ముందు అది ఏ సీటో చూడండి

అలాట్‌మెంట్ కాగితం మీద కాలేజీ పేరు కన్నా ముందు చూడాల్సింది కోటా.

ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటైతే వదులుకోవడానికి బలమైన కారణం కావాలి. కాలేజీ కొత్తది, ఊరు దూరం, సీనియర్లు లేరు అన్నవి నిజమైన ఇబ్బందులే. అయినా చివర్లో వచ్చేది అదే డిగ్రీ, అదే రిజిస్ట్రేషన్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ తర్వాత పీజీ ప్రవేశ పరీక్షలో ఏ కాలేజీ నుంచి వచ్చావని అడగరు.

ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు చాలామందిని భయపెడుతుంది. "ప్రైవేటు" అనగానే లక్షలు అనుకుంటారు. తెలంగాణలో ఈ సీటు ఫీజు ఏటా 60 వేల రూపాయలు. ఆదాయ పరిమితిలో ఉన్న ఎస్సీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. ఎస్సీ రిజర్వేషన్ కూడా ఉంటుంది. అయితే రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైనప్పుడు కాలేజీలు విద్యార్థి మీద ఒత్తిడి పెట్టడం మామూలే. హాస్టల్, మెస్, పుస్తకాల ఖర్చు వేరు. చేరేముందు ఈ లెక్క వేసుకోవాలి.

బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా, పూర్తిగా వేరే సంగతి. ఇక్కడ ఎస్సీ రిజర్వేషన్ లేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. తెలంగాణలో ఫీజు ఏటా 11 లక్షల పైమాటే. డీమ్డ్ యూనివర్సిటీ సీట్లలోనూ సాధారణంగా ఎస్సీ రిజర్వేషన్ ఉండదు, ఫీజు చాలాచోట్ల ఏటా 20 లక్షలు దాటుతుంది. అసైన్డ్ భూమి మీదో, ఉన్న ఒక్క ఇంటి మీదో అప్పు తెచ్చి ఈ సీటు నిలబెట్టుకోవాలని చూసే కుటుంబాలకు మేము చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది ఫీజు ఎలా కడతారన్నది కాదు, నాలుగో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలిగితేనే చేరండి. మధ్యలో ఆగిపోయిన ఎంబీబీఎస్‌కు విలువ లేదు, అప్పు మాత్రం మిగులుతుంది. ఇలాంటి సీటును వదులుకుని మళ్లీ నీట్ రాయడం చాలాసార్లు తెలివైన పని.

విదేశీ సీటు సంగతీ అంతే. 2021 నాటి నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్ మాధ్యమం తప్పనిసరి. తిరిగొచ్చాక లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. ఏజెంట్ చెప్పే మొత్తం ఖర్చులో ఆ పరీక్ష కోచింగ్, ఎదురుచూసే కాలం ఉండవు.

తేదీ మారితే మూల్యం మారుతుంది

ఆలిండియా కోటా, ఎయిమ్స్, జిప్‌మర్, కేంద్ర, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లను మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అంటే ఎంసీసీ, నాలుగు రౌండ్లలో నింపుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో అమలైన పద్ధతి ఇది.

మొదటి రౌండ్‌లో సీటొచ్చి చేరకపోతే ఏమీ పోదు. దీన్నే ఫ్రీ ఎగ్జిట్ అంటారు.

రెండో రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోతే సెక్యూరిటీ డిపాజిట్ పోతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆలిండియా కోటాలో అది 5 వేల రూపాయలు. డీమ్డ్ యూనివర్సిటీలకైతే ఏ వర్గం వారికైనా 2 లక్షలు. అందుకే "ఊరికే పెట్టి చూద్దాం" అని డీమ్డ్ ఆప్షన్లు పెట్టొద్దు.

మూడో రౌండ్‌లో చేరకపోతే డిపాజిట్ పోవడంతో పాటు తర్వాతి రౌండ్‌కు అర్హత కూడా పోతుంది.

చివరిది స్ట్రే రౌండ్. ఇందులో సీటొచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, తర్వాతి ఏడాది నీట్ రాయకుండా నిషేధం ఉంటుంది. మళ్లీ రాయాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సిన నిబంధన ఇదే. చేరే ఉద్దేశం లేని కాలేజీకి స్ట్రే రౌండ్‌లో ఆప్షన్ పెడితే, మెరుగైన సీటు కోసం దాచుకున్న ఏడాదే చేజారుతుంది.

రాష్ట్ర కౌన్సెలింగ్ వేరు. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం దాన్ని నిర్వహిస్తాయి. గడువు దాటాక సీటు వదిలితే కట్టాల్సిన జరిమానా, బాండ్ షరతులు ఏ ఏడాదికా ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఉంటాయి. పాత ప్రాస్పెక్టస్ చూసి, పాత సీనియర్ మాట విని నిర్ణయించుకోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీకి ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి.

వదలకుండానే వెతకొచ్చు

సీటు నచ్చకపోతే వదిలెయ్యాలని చాలామంది అనుకుంటారు. అంతకన్నా క్షేమమైన దారి ఒకటుంది. వచ్చిన సీటులో చేరి, తర్వాతి రౌండ్‌లో అప్‌గ్రేడ్ కావాలని కోరవచ్చు. మెరుగైన సీటొస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, రాకపోతే పాతది మీదే. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. అప్‌గ్రేడ్ అయ్యాక పాత సీటుకు తిరిగి రాలేరు. కాబట్టి ఇప్పుడున్న దానికన్నా నిజంగా మేలనుకున్న కాలేజీలకే ఆప్షన్ పెట్టండి.

ఇంకో భ్రమ కూడా ఉంది. "ముందు ఎక్కడో ఒకచోట చేరదాం, రెండో ఏడాది ట్రాన్స్‌ఫర్ చేయించుకుందాం" అంటారు. జాతీయ మెడికల్ కమిషన్ 2023లో తెచ్చిన నిబంధనలు ఒక మెడికల్ కాలేజీ నుంచి మరో కాలేజీకి మారడాన్ని నిషేధించాయి. కోర్టుకు వెళ్లినవాళ్లున్నారు గానీ, కోర్టు తీర్పును నమ్ముకుని కాలేజీలో చేరకూడదు. చేరాక కాలేజీ మారాలంటే మళ్లీ నీట్ రాయడమే దారి. అప్పుడు కూడా, ఇప్పటికే ఎంబీబీఎస్ చదువుతున్నవారిని కొన్ని రాష్ట్రాలు తమ కౌన్సెలింగ్‌కు అనుమతించవు. ఆ షరతు చూసుకోవాలి.

మళ్లీ రాస్తే ర్యాంకు పెరుగుతుందా?

నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి 2022లో తీసేశారు. ఎన్నిసార్లయినా రాయొచ్చు. రాయడం వేరు, పెరగడం వేరు.

మార్కులను ఒక ఏడాదితో ఇంకో ఏడాది పోల్చడం మోసపుచ్చుతుంది. 2024లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికి 686. ఆ ఏడాది పేపరు కఠినంగా వచ్చింది, మార్కులు అందరికీ తగ్గాయి. కాబట్టి "ఇంకో 40 మార్కులు తెచ్చుకుంటే చాలు" అన్న లెక్క పనికిరాదు. ర్యాంకు చూడాలి.

ఎస్సీ విద్యార్థులకు మరో మార్పు ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 15 శాతం కోటాను మూడు గ్రూపులకు 1, 9, 5 శాతంగా విభజించారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 1, 6.5, 7.5 శాతం. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, విద్యార్థి చేయాల్సిన పని ఒకటే. 2024, అంతకుముందటి "ఎస్సీ కటాఫ్" పట్టికలు పక్కన పెట్టి మీ గ్రూపు చివరి ర్యాంకు చూసుకోవాలి. ఎంసీసీ నింపే ఆలిండియా కోటాలో మాత్రం గ్రూపులు లేవు, ఎస్సీ కోటా ఒక్కటే. ఆ పట్టిక విడిగా చూడాలి.

స్థానికత గురించీ భయపడుతుంటారు. లాంగ్ టర్మ్ కోసం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినంత మాత్రాన స్థానికత మారదు. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే తెలంగాణ నిబంధన. దీన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఆ ఏడాది ఖర్చు ఎవరిది?

ఉన్నవాళ్ల ఇంట్లో ఇంకో ఏడాది అంటే ఇంకో ప్రయత్నం. కూలికెళ్లే ఇంట్లో అది అమ్మ చేసే ఇంకో ఏడాది కూలి, ఆగిపోయే తమ్ముడి చదువు. ఆడపిల్లలకైతే పెళ్లి సంబంధాల ఒత్తిడి ఈ ఏడాదిలోనే మొదలవుతుంది. మాకు తెలిసిన ఒక అమ్మాయి తన ఊరికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో వచ్చిన ప్రభుత్వ సీటును వదులుకోవాలనుకుంది. కాలేజీ బాగోలేదనో, ర్యాంకు పెంచుకోవాలనో కాదు. అంత దూరం పంపడం ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు. ఆ ఏడాది చదువు సాగదని ఆమెకు తెలుసు. వాళ్ల మేడమ్ వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడాక చేరింది. ఆ ఇంట్లో తేలాల్సింది సీటు సంగతి కాదు, కూతుర్ని పంపడం. కార్యకర్తలు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే: వదులుకుంటున్నది ఎవరి కోరిక మీద?

స్కాలర్‌షిప్ లెక్క కూడా చూడాలి. ఏడాది మధ్యలో చదువు మానేస్తే ఆ ఏడాది ఇచ్చిన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొమ్మును తిరిగి కట్టమని అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంది.

కులం కారణంగా వదిలేయాలనిపిస్తే

"కటాఫ్ ఎంత?" అని మొదటి రోజే అడిగి, ఆ అంకె వెనక కులం వెతికే కాలేజీలు చాలా ఉన్నాయి. పెద్ద సంస్థకు పోతే ఇది ఉండదనుకోవద్దు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షను విచారించిన థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టళ్లలో వాళ్లు వేరుగా ఉండాల్సి వచ్చిన పరిస్థితిని అది నమోదు చేసింది. ముంబైలో ఆదివాసీ పీజీ డాక్టర్ పాయల్ తడ్వీని మనం కోల్పోయింది 2019 మేలో. కాలేజీ మారినంత మాత్రాన కులం వెనక ఉండిపోదు.

అలాగని భరించమని మేము చెప్పం. యూజీసీ 2012 నిబంధనలు సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. మీ కాలేజీలో ఎవరున్నారో రాతపూర్వకంగా అడగండి. ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కాలేజీ గేటు దగ్గర ఆగిపోదు. మనసు బాగా కుంగినప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇవన్నీ చేసినా ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే వెళ్లిపోండి. ఏ సీటూ ప్రాణం కన్నా ఎక్కువ కాదు. ఆ సంగతి అమ్మానాన్నలకు మేము చెప్పాల్సి వస్తే చెబుతాం.

"నీ సీటు ఇంకొకరికి దక్కేది కదా"

వదులుకోవాలనుకునే పిల్లలను బాగా నొప్పించే మాట ఇది. నిజం ఏమిటంటే, తర్వాతి రౌండ్‌కు ముందు వదిలిన ఎస్సీ సీటు వరసలో ఉన్న ఇంకో ఎస్సీ విద్యార్థికే వెళుతుంది. ఎవరికీ నష్టం లేదు. చివరి రౌండ్ ముగిశాక వదిలితే ఆ ఏడాదికి ఆ సీటు పోయినట్టే. అందుకే వదలాలనుకుంటే త్వరగా వదలండి.

మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఓపెన్ మెరిట్‌లో సీటు వచ్చే ఎస్సీ విద్యార్థి, మెరుగైన కాలేజీ కోసం రిజర్వుడ్ సీటును ఎంచుకోవచ్చని 1996లోనే సుప్రీంకోర్టు రితేష్ సాహ్ కేసులో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి జీవో 550, అలా ఖాళీ అయిన ఓపెన్ సీటును అదే వర్గం విద్యార్థితో నింపాలంది. దీని అమలు మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో గొడవ నడిచింది. "ఓపెన్‌లో వస్తుంది కదా, రిజర్వేషన్ ఎందుకు వాడుకోవడం" అని మొహమాటపడి ఆప్షన్లు తగ్గించుకోవద్దు.

చివరిగా ఐదు ప్రశ్నలు

కాగితం తీసుకుని వీటికి జవాబులు రాయండి.

ఇది కన్వీనర్ సీటా, కాదా?

ఇది ఎన్నో రౌండ్? ఇప్పుడు వదిలితే డబ్బు పోతుందా, వచ్చే ఏడాది నీట్ పోతుందా?

అప్‌గ్రేడ్ అవకాశం ఇంకా మిగిలి ఉందా?

గత ఏడాది మీ గ్రూపు చివరి ర్యాంకుకు మీరు ఎంత దూరంలో ఉన్నారు? ఈసారి ఎక్కడ మార్కులు పోయాయో సబ్జెక్టు వారీగా చెప్పగలరా?

లాంగ్ టర్మ్ ఏడాదికి డబ్బు, చదువుకునే చోటు, ఇంట్లోవాళ్ల మాట, మూడూ ఉన్నాయా?

కన్వీనర్ సీటు చేతిలో ఉండి, చివరి రెండు ప్రశ్నలకు గట్టి జవాబు లేకపోతే చేరిపోండి. అప్పుతో నిలబెట్టాల్సిన సీటైతే, రౌండ్ నిబంధనలు చూసుకుని వదిలేయడానికి సిగ్గుపడకండి. రిపోర్టింగ్ గడువు చివరి రోజు సాయంత్రం వరకు ఆగకుండా, ముందు రోజే ఇంట్లో అందరూ కూర్చుని ఆ కాగితం చదవండి.