ఇంట్లో కట్టే విమానం: ఎంపిక గురించి చరిత్ర చెప్పే మాట

పదవీ విరమణ తరువాత కొందరు తోటపని పెట్టుకుంటారు, కొందరు తీర్థయాత్రలు చేస్తారు. అమెరికా, ఐరోపా దేశాలలో మరికొందరు కారు షెడ్డులోనే చిన్న విమానం కట్టుకుంటారు. విడిభాగాల కిట్ కొని, ఏళ్ల తరబడి శ్రమించి బిగించిన ఆ విమానాన్ని తామే నడుపుతారు. కనుక ఏ కిట్ ఎంచుకోవాలన్నది వారికి దాచుకున్న సొమ్ముతోనూ, ప్రాణంతోనూ ముడిపడిన విషయం. ఈ ఎంపిక ఎలా చేయాలో తొంభై ఏళ్ల చరిత్ర మనకు చెబుతుంది.

ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అనే ఔత్సాహికుడు 1933లో ఒక బుల్లి విమానాన్ని ఎగురవేశాడు. దాని పేరు 'ఆకాశపు పేను' అన్న అర్థం వచ్చే పూ-ద్యు-సియెల్. చెక్కపెట్టె చేయగలిగినవాడు దీన్నీ చేయగలడని ధైర్యం చెబుతూ 1934లో పుస్తకం రాశాడు. ఫ్రాన్సులోనూ, బ్రిటన్‌లోనూ ఎందరో రంపాలు పట్టారు. అయితే విమానం ముక్కు బాగా కిందికి వంగినప్పుడు ముందు వెనుక రెక్కల మధ్య గాలి ప్రవాహం చెడిపోయేది. అప్పుడు పైలట్ ఎంత లాగినా విమానం పైకి లేచేది కాదు. కొందరు ప్రాణాలు కోల్పోయిన తరువాత, 1936లో ఆ రెండు దేశాలలోనూ అసలు విమానాన్నే విండ్ టన్నెల్‌లో పెట్టి పరీక్షించగా లోపం బయటపడింది. మిన్యే తరువాతి నమూనాలలో దాన్ని సరిదిద్దాడు. కానీ పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు కదా!

అమెరికాలో పాల్ పోబెరెజ్నీ 1953లో మిల్వాకీలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఇళ్లలో విమానాలు కట్టేవారు ఒకరి పని మరొకరు చూసి తప్పొప్పులు చెప్పుకునే అలవాటు ఈ సంఘం వల్ల బలపడింది. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉండాలని అక్కడి నిబంధన.

1971లో జిమ్ బీడ్ అనే డిజైనర్ బీడీ-5 అనే ఒంటిసీటు విమానాన్ని ప్రకటించాడు. చూడముచ్చటైన రూపం, గొప్ప వేగం, తక్కువ ధర! వేలమంది ఆర్డర్లు ఇచ్చారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, సరైన ఇంజను కుదరకముందే అడ్వాన్సులు వసూలయ్యాయి. ఇంజన్లు సరఫరా చేయవలసిన జర్మన్ సంస్థ దివాలా తీసింది. 1979 నాటికి బీడ్ కంపెనీ కూడా దివాలా తీసింది. ఇంజను రాని కిట్లు ఎందరి షెడ్లలోనో దుమ్ము పట్టి ఉండిపోయాయి. ఈ విమానపు జెట్ రూపమే 1983 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'ఆక్టోపసీ'లో కనిపిస్తుంది.

అదే కాలంలో బర్ట్ రూటన్ నురుగు దిమ్మెలు, ఫైబర్‌గ్లాస్‌లతో వేరిఈజీ, లాంగ్-ఈజీ విమానాలు రూపొందించి నక్షలు అమ్మాడు. మన బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ కూడా లాంగ్-ఈజీ ఆధారంగా 1980 దశకంలో ఒక పరిశోధన విమానాన్ని నిర్మించింది. 1985లో రూటన్ నక్షల అమ్మకం మానేసినా, కట్టేవారు ఒకరికొకరు తోడుగా నిలిచి పని సాగించారు.

రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ ఆరెగాన్ రాష్ట్రంలో 1973లో ప్రారంభించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ పద్ధతి వేరు. ముందు తోక కిట్, తరువాత రెక్కలు, ఆ తరువాత శరీరం అంటూ అంచెలంచెలుగా కొనవచ్చు. పని తమవల్ల కాదనుకున్నవారు తోక దగ్గరే ఆగిపోవచ్చు, నష్టం కొద్దిపాటిదే. ఈ సంస్థ ఆర్‌వీ విమానాలు 11 వేలకు పైగా ఆకాశానికెక్కాయి. అంతటి సంస్థ కూడా లేజర్‌తో కోసిన భాగాలలో పగుళ్ల సమస్య, పెరిగిన ఖర్చుల వల్ల 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ఆర్డరు ఇచ్చి ఎదురుచూస్తున్నవారు పెరిగిన ధరలకు ఒప్పుకోవలసి వచ్చింది. 2024లో సంస్థ మళ్లీ నిలదొక్కుకుంది.

మనలో చాలామంది పిల్లలు విదేశాలలో ఉన్నారు. వారిలో ఎవరైనా కిట్ కొనబోతే చెక్కు రాయకముందు మనం ఈ ప్రశ్నలు అడగవచ్చు. ఆ విమానాలు ఎన్ని పూర్తయి ఎగురుతున్నాయి? ఇంజను నేడు మార్కెట్లో దొరుకుతున్నదా? అంచెలంచెలుగా కొనే వీలుందా? దగ్గరలో అదే విమానం కట్టినవారు ఉన్నారా? రెండువేల గంటల పని అనుకుంటే, వారానికి పది గంటల చొప్పున సుమారు నాలుగేళ్లు పడుతుంది. అంత ఓపిక, ఇంట్లోవారి సమ్మతి ఉన్నాయా? వేగం, అందం గురించి వీటికి సమాధానాలు దొరికిన తరువాత ఆలోచించుకోవచ్చు.