తొలి సాగుదారుల ఇళ్లూ చరిత్రే



అమెరికాలో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాల వరకు భూమి ఇచ్చింది. 1867లో కట్టిన అలాంటి ఒక రైతు కుటుంబపు చెక్క ఇంటిని నెబ్రాస్కాలో నేటికీ భద్రంగా కాపాడుతున్నారు. ఆ నేల అంతకుముందు అక్కడి ఆదివాసులది. ఆ సంగతి అలా ఉంచితే, తొలిగా సాగు చేసినవాళ్ల ఇల్లు వాళ్లకు చరిత్ర అయింది. మరి కృష్ణా డెల్టాలో మన ఎరుకల పెద్దలు తొలిగా దున్నిన నేల, కట్టిన ఇల్లు ఎవరి చరిత్ర?

మన పూర్వీకులు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి ధాన్యం తెచ్చుకునేవారు. ఈతాకు చాపలు, బుట్టలు అల్లి అమ్మేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది, ఆ వ్యాపారం దెబ్బతింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. తప్పు చేసిన మనిషిని వదిలి, పుట్టిన కులాన్నే నేరమంది.

ఆ చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో సెటిల్‌మెంట్లు వెలిశాయి. బెజవాడకు ఎదురుగా కృష్ణ ఒడ్డున సీతానగరంలో మనవాళ్లు రాళ్లు కొట్టారు. డెల్టా చివర, బాపట్లకూ చీరాలకూ మధ్య, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో స్టూవర్టుపురం ఏర్పడింది. అక్కడ భూములిచ్చి సాగు చేయించారు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలూ అక్కడినుంచే వెళ్లారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. కాపలా మధ్య సేద్యం నేర్చిన రైతులు వాళ్లు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పేరు మీది మచ్చ మాత్రం పోలేదు. 1970లలో విజయవాడ నుంచి వెళ్లిన హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊళ్లో సంస్కరణకు పూనుకున్నారు. సినిమాలు మాత్రం ఆ ఊరి దొంగలనే చూపాయి, రైతులను చూపలేదు.

మేము హాస్టల్లో రోజూ రాత్రి పిల్లల హాజరు తీసుకుంటాం. ఒకసారి కొత్తగా చేరిన పాపను ఏ ఊరమ్మా అని అడిగితే, తల వంచుకుని "బాపట్ల దగ్గర, మేడమ్" అంది. ఊరి పేరు చెప్పలేదు. ఆ రాత్రి హాజరు పట్టీ చేతిలో బరువనిపించింది. ఒకప్పుడు మన తాతలను కట్టేసిన హాజరు అది. ఇప్పుడు మా పిల్లలు క్షేమంగా ఉన్నారా అని చూసుకునే హాజరు. మాట ఒక్కటే, అర్థం మారింది. ఊరి పేరుకూ అలా అర్థం మారాలి.

అందుకు మ్యూజియం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నానమ్మను, తాతను పాత ఇంటి ముందు కూర్చోబెట్టండి. ఆ ఇల్లు ఎవరు కట్టారో, తొలి పంట ఏమి వేశారో, పందుల దొడ్డి ఎక్కడుండేదో కుర్రు భాషలోనే అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటి దూలం, గాదె, నాగలి, బుట్టలల్లే కత్తి ఫోటో తీయండి. పాత పట్టా కాగితం ఉంటే తడవకుండా దాచండి. కొత్త స్లాబు వేసేటప్పుడు పాత గడపనైనా ఉంచమని నాన్నకు చెప్పండి.

తిరిగొచ్చాక మీ ఊరి పేరు మాకు గట్టిగా చెప్పండి.