ఉసూరీ ద్వీపం నుండి బీజింగ్ విమానాశ్రయం దాకా: 1969 సోవియట్–చైనా సరిహద్దు సంక్షోభం

అణ్వస్త్రాలున్న రాజ్యాల మధ్య యుద్ధం రాదన్న వాదాన్ని పరీక్షించే సందర్భంలో చరిత్రకారులు ఎక్కువగా 1962 నాటి క్యూబా సంక్షోభాన్నే ఉదాహరిస్తారు. కాని అమెరికా, సోవియట్ యూనియన్లు ఇరుగుపొరుగు దేశాలు కావు. ఒకే సరిహద్దును పంచుకొన్న రెండు అణ్వస్త్ర రాజ్యాల సైన్యాలు ఆ సరిహద్దు మీదనే పరస్పరం కాల్పులు జరుపుకొన్న తొలి ఘటన 1969 మార్చిలో సోవియట్ యూనియన్, చైనాల మధ్య సంభవించింది. ఆ ఘర్షణ తీరును పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. తుపాకులు మోగిన మార్చి నెలలో కంటె, అవి దాదాపు మౌనం వహించిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ప్రమాదం అధికమైంది.

తెలుగునాట 1969 అనగానే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, శ్రీకాకుళ గిరిజన పోరాటం స్ఫురిస్తాయి. మాస్కో, బీజింగ్‌ల వైరం ఇక్కడ ప్రధానంగా 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ చీలికకు నేపథ్యమైన సిద్ధాంత వివాదంగా పరిచితం. ఆ వివాదానికి ఒక భౌగోళిక ముఖం కూడా ఉంది.

1860 నాటి పెకింగ్ సంధి ఉసూరీ నదిని రష్యా, చైనాలకు సరిహద్దుగా నిర్ణయించింది. అయితే రష్యా పటంలో సరిహద్దు రేఖ చైనా వైపు ఒడ్డు వెంట సాగింది. నదిలోని ద్వీపాలన్నీ తనవేనని రష్యా వాదించడానికి ఆ గీత ఆధారమైంది. ప్రధాన ప్రవాహ మధ్యరేఖే సరిహద్దు కావాలని చైనా పట్టుబట్టింది. 1964 చర్చల్లో తూర్పు సరిహద్దు విషయమై ఉభయపక్షాలు ఈ సూత్రానికి చాలవరకు దగ్గరయ్యాయి. అంతలో, జారు చక్రవర్తుల కాలంలో పోయిన విశాల భూభాగాలకు సంబంధించిన లెక్క ఇంకా తేలలేదని మావో జపాను సోషలిస్టుల బృందంతో అన్నాడు. చర్చలు ఆగిపోయాయి. ఒడంబడిక కుదిరి ఉంటే చైనాకు దక్కవలసిన ద్వీపాల్లో రష్యన్లు దమన్‌స్కీ అనీ, చైనీయులు ‘అమూల్యనిధి’ అనే అర్థంలో జెన్‌బావో అనీ పిలిచే దీవి ఒకటి. దాని విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు. వరదకాలంలో నీట మునిగే ఈ భూమికి సైనికంగా చెప్పుకోదగిన విలువ లేదు.

1969 మార్చి 2న గడ్డకట్టిన నది మీద గస్తీకి వచ్చిన సోవియట్ సరిహద్దు భటులపై చైనా సైనికులు దాడి చేశారు. 31 మంది సోవియట్ సైనికులు మరణించారు. మార్చి 15న ట్యాంకులు, రాకెట్ ఫిరంగులతో మరింత పెద్ద పోరు జరిగింది. మొదట కాల్చింది ఎదుటి పక్షమేనని ఇరుదేశాలు చాలాకాలం వాదించాయి. చైనా ఆధారాలతో పరిశోధన చేసిన యాంగ్ కుయిసాంగ్ వంటి చరిత్రకారులు మార్చి 2 ఘటనను ముందుగా పథకం వేసిన మెరుపుదాడిగానే నిర్ధారించారు. పదేపదే జరుగుతున్న సోవియట్ చొరబాట్లకు ఒక్క దెబ్బతో బుద్ధి చెప్పి ఆగిపోవాలన్నది బీజింగ్ అంచనా. మార్చి 15 తరువాత పోరు నిలిపివేయమని మావో ఆదేశించడం దీనికి అనుగుణంగానే ఉంది. ఆ అంచనాలోని లోపం వేరే చోట ఉంది. ఎక్కడ ఆపాలో తన పక్షాన నిర్ణయించుకోవచ్చు గాని, ఎదుటివాడి పక్షాన నిర్ణయించడం ఎవరి వశమూ కాదు.

మార్చి 21న సోవియట్ ప్రధాని కొసిగిన్ చైనా నాయకులతో నేరుగా మాట్లాడడానికి టెలిఫోన్ చేయించాడు. బీజింగ్‌లోని ఆపరేటరు దుర్భాషలాడి, సంబంధం కలపడానికి నిరాకరించాడు. చెప్పదలచినది దౌత్యమార్గంలో తెలపవలసిందని చైనా విదేశాంగశాఖ ఆ మీదట సమాధానమిచ్చింది. సాంస్కృతిక విప్లవ వాతావరణంలో ఒక సామాన్య ఉద్యోగి ప్రదర్శించిన విధేయత రెండు అణ్వస్త్ర ప్రభుత్వాల మధ్య మాటను తెంచివేయగలగడం ఈ ఉదంతంలో అత్యంత భయావహమైన అంశం.

మాట వినిపించనప్పుడు మాస్కో బెదిరింపును ఆశ్రయించింది. ఆగస్టు 13న షింజియాంగ్ సరిహద్దులో సోవియట్ దళాలు ఒక చైనా గస్తీ బృందాన్ని తుడిచిపెట్టాయి. ఆగస్టు 18న వాషింగ్టన్‌లో ఒక సోవియట్ రాయబార కార్యాలయ అధికారి, చైనా అణుకేంద్రాలపై తమ దేశం దాడి చేస్తే అమెరికా వైఖరి ఎలా ఉంటుందని ఒక అమెరికా అధికారిని అడిగాడు. చైనా 1964లో అణుబాంబును, 1967లో హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. అయినా మాస్కోను చేరగల క్షిపణి దానికి అప్పటికి లేదు. సంఖ్యలో స్వల్పమై, ప్రతిదాడికి చాలని అణుబలం శత్రువును నిరోధించడానికి మారుగా ముందస్తు దాడికి ప్రలోభపెట్టే అవకాశం ఉందన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది.

సెప్టెంబరు 2న హోచిమిన్ మరణించడం అనుకోని అవకాశాన్ని కల్పించింది. హనోయిలో అంత్యక్రియలకు హాజరైన కొసిగిన్ చైనా నాయకులను కలవాలని కోరాడు. జవాబు ఆలస్యమైంది. ఆయన కలకత్తా మీదుగా తిరుగుప్రయాణమై దుషాన్‌బే చేరిన తరువాత సమ్మతి అందింది. విమానం వెనుదిరిగింది. సెప్టెంబరు 11న బీజింగ్ విమానాశ్రయంలో ఆయన, చౌ ఎన్‌లై కొన్ని గంటలపాటు చర్చించారు. అతిథిని నగరంలోకి ఆహ్వానించలేదు. యథాతథ స్థితిని పాటించాలనీ, సాయుధ ఘర్షణలను నివారించాలనీ, చర్చలు పునఃప్రారంభించాలనీ మౌఖికంగా అంగీకారం కుదిరింది.

సంక్షోభం ఇక్కడితో ముగియవలసింది. కాని సెప్టెంబరు 16న సోవియట్ గూఢచారి వర్గాలతో సంబంధమున్నవాడుగా పేరుపడిన విక్టర్ లూయీ, చైనా అణుకేంద్రాలపై దాడి సాధ్యమేనని సూచిస్తూ లండన్ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. మౌఖిక ఒప్పందాన్ని చౌ ఎన్‌లై కోరిన రూపంలో మాస్కో లిఖితపూర్వకంగా ధ్రువపరచలేదు. చైనాను చర్చలకు రప్పించడానికి ప్రయోగించిన బెదిరింపు ఫలించిన మాట నిజమే. అయితే ఆ బెదిరింపే చర్చలను కూడా అనుమానించేటట్లు చేసింది. అక్టోబరు 20 నాటి చర్చలకు రానున్న సోవియట్ ప్రతినిధివర్గం ఆకస్మిక దాడికి ముసుగు కావచ్చునని చైనా నాయకత్వం భయపడింది. మావో ఊహాన్‌కు, లిన్ బియావో సూజౌకు తరలిపోయారు. అక్టోబరు 18న లిన్ బియావో సూజౌ నుండి పంపిన సూచనలు ‘మొదటి నంబరు ఆదేశం’గా వెలువడి, సైన్యమంతా యుద్ధసన్నద్ధమైంది. ఆ ఆదేశం జారీ అయిన తీరుపై మావోకు అసంతృప్తి కలిగిందనీ, వారిద్దరి మధ్య తరువాత పెరిగిన వైమనస్యానికి ఇదొక బీజమనీ కొందరు చరిత్రకారులు భావిస్తారు. దాడి జరగలేదు. ప్రతినిధివర్గం విమానం దిగింది, చర్చలు మొదలై ఏళ్ల తరబడి ఫలితం లేకుండా సాగాయి.

ఈ భయమే చైనాను అమెరికా వైపు మళ్లించింది. 1972లో నిక్సన్ బీజింగ్ పర్యటనకు ఉసూరీ మంచు మీది ఘర్షణకు ఉన్న సంబంధాన్ని చరిత్రకారులు విస్తృతంగా చర్చించారు.

1991 మే 16న కుదిరిన తూర్పు సరిహద్దు ఒప్పందం 1964లో విడిచిపెట్టిన ప్రవాహ మధ్యరేఖా సూత్రాన్నే స్వీకరించింది. దాని ప్రకారం ద్వీపం చైనాకు చెందింది. 1969 మార్చిలో మంచు పగిలి నదిలో మునిగిపోగా చైనీయులు వెలికితీసిన సోవియట్ టి-62 ట్యాంకు బీజింగ్ సైనిక ప్రదర్శనశాలకు చేరింది.