తుప్పు మీదే పుట్టీ పెట్టిస్తున్నారా? డబ్బులు రెండుసార్లు వదిలినట్టే!

మేడ్చల్ మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి వెళ్తాయి. వానాకాలంలో ఈ రూట్లలో రోజూ తిరిగే బండ్లకు బురదనీళ్లు తప్పవు. ఆ బురద చక్రాల పైన, డోర్ల అడుగున పేరుకుని తడి ఆరకపోతే తుప్పు మొదలవుతుంది.

పుట్టీ తుప్పును ఆపదు

పుట్టీ సొట్టను పూడుస్తుంది, అంతే. పైగా తేమ పీల్చుకుంటుంది. తుప్పు మీదే పెడితే కింద రేకు పాడవుతూనే ఉంటుంది. కొన్నాళ్లకే పెయింట్ ఉబ్బుతుంది.

రిపేర్ వరుస ఇదీ..

* మెరిసే రేకు కనిపించేదాకా తుప్పు గీకేయాలి.
* చిల్లు పడితే ఆ భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి.
* వెంటనే ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి.
* ఆ తర్వాతే పుట్టీ, సీలెంట్, పెయింట్.

ఏ సీలెంట్ వాడాలి?

రేకుల అతుకులకు పీయూ, అంటే పాలీయురేథేన్ సీలెంట్ మేలు. ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది, పైన పెయింట్ నిలుస్తుంది. బాత్రూమ్‌లకు వాడే సిలికాన్ మాత్రం వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. దాంతో రేకుకు మళ్లీ తుప్పు పడుతుంది. సిలికాన్ మీద పెయింట్ కూడా పట్టదు.

ఇవి మర్చిపోవద్దు

డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలను సీలెంట్‌తో మూయొద్దు. ఛాసిస్ తుప్పును పుట్టీతో కప్పేస్తే ప్రాణాలకే ముప్పు. అందుకే పుట్టీ పెట్టకముందే గీకిన రేకును చూపించమని మెకానిక్‌ను అడగండి.